రాజా కుమారి: అమెరికా హిట్ల వెనక తెలుగమ్మాయి.. పాట హిట్టయినా పేరు రావడానికి ఎందుకింత టైమ్ పట్టింది?

2025 మే నెలాఖరు. లాస్ వెగాస్‌లో అమెరికన్ మ్యూజిక్ అవార్డ్స్ ఫంక్షన్ ముగిసిన కొన్ని గంటలకే మన ఫోన్లలో ఒక పేరు తిరగడం మొదలైంది. రాజా కుమారి. ఈ అవార్డు కొట్టిన తొలి భారత సంతతి ఆర్టిస్ట్ అంటూ పోస్టర్లు, రీల్స్, అభినందనలు వరుసకట్టాయి. అందులో కొంతమంది ఇంకో మాట కూడా జోడించారు.. 'ఈమె మన తెలుగమ్మాయే'.

కింద కామెంట్లలో మాత్రం ఎక్కువమంది అడిగింది ఒక్కటే. 'ఎవరీమె? ఏ సినిమాలో పాడింది?'

ఆ ప్రశ్న అడిగినవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. తెలుగులో ఒక సింగర్‌ని గుర్తుపట్టడానికి మనకు తెలిసిన అడ్రస్ సినిమా ఒక్కటే. రాజా కుమారి కెరీర్ మాత్రం ఆ దారిలో నడవలేదు. పైకి లేవడం, ఆగిపోవడం, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం.. పదేళ్ళకు పైగా ఇదే వరస. ఇంతకీ ఆమె ఎక్కడ పైకొచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు?

ఇంటిపేరు యల్లాప్రగడ

అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం క్లేర్‌మాంట్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. యల్లాప్రగడ అనగానే గోదావరి జిల్లాల వాళ్ళకు భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. ఇంటిపేరు కలిసిందని బంధుత్వం అంటగట్టక్కర్లేదు కానీ, ఈ పేరు ఎక్కడి మట్టిదో అర్థం కావడానికి అది చాలు.

చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకున్నారు. స్కూల్ రోజుల్లో ఫ్యూజీస్ గ్రూప్ 1996లో తెచ్చిన 'ద స్కోర్' ఆల్బమ్ విని హిప్‌హాప్ వైపు తిరిగానని ఇంటర్వ్యూల్లో చెబుతుంటారు. ఈ రెండూ వినడానికి ఉత్తర దక్షిణాల్లా ఉంటాయి గానీ నిజానికి అంత దూరం కాదు. కూచిపూడిలో నట్టువాంగం చెప్పే వ్యక్తి నోటితో పలికే జతులు వినండి. మాటకు అర్థం ఉండదు, లెక్క మాత్రం తప్పదు. మూడు, నాలుగు, ఐదు, ఏడు.. అక్షరాలు ఎక్కడ విరగాలో, ఎక్కడ పరిగెత్తాలో, ఎక్కడ తాళం మీద పడాలో అన్నీ ముందే కట్టి ఉంటాయి. ర్యాపర్లు 'ఫ్లో' అని పిలిచేది ఇంచుమించు దీన్నే. రాజా కుమారి పాటల్లో ఇంగ్లిష్ లైన్ల మధ్యలోకి జతులు దూరిపోవడం అందుకే అతికించినట్టు ఉండదు. ఆమెకు అది చిన్నప్పటి నుంచి కాళ్ళతో నేర్చుకున్న లెక్క.

పాట ఆమెది.. ముఖం వేరేవాళ్ళది

ఆమె మొదట ఎదిగింది సింగర్‌గా కాదు, రైటర్‌గా. అమెరికా పాప్ ఇండస్ట్రీలో ఒక పాటను ఒక్కరే కూర్చుని రాయడం తక్కువ. స్టూడియోలో నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు ట్యూన్ ఇస్తారు, ఒకరు హుక్ అంటే పదేపదే వచ్చే లైన్ ఇస్తారు, ఇంకొకరు మాటలు సరిచేస్తారు. పాట బయటికొచ్చేసరికి స్టార్ ముఖం కనిపిస్తుంది. మిగతావాళ్ళ పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఆ చిన్న అక్షరాల్లో రాజా కుమారి పేరు గట్టి గట్టి చోట్లే ఉంది. ఇగ్గీ అజేలియా, గ్వెన్ స్టెఫానీ, ఫిఫ్త్ హార్మొనీ లాంటివాళ్ళతో పనిచేశారు. అన్నిటికంటే పెద్దది 2014లో ఫాల్ అవుట్ బాయ్ బ్యాండ్ విడుదల చేసిన 'సెంచరీస్'. బిల్‌బోర్డ్ హాట్ 100లో 10వ స్థానం దాకా వెళ్ళింది. అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ప్రోమోల్లో ఈఎస్‌పీఎన్ ఛానల్ దీన్నే మోగించింది. ఈ పాట రైటర్లలో ఒకరిగా ఆమెకు 2016లో బీఎంఐ పాప్ అవార్డు దక్కింది.

స్టేడియంలో వేలమంది ఆ పాట అరుస్తుంటే, అందులో ఒక తెలుగమ్మాయి చెయ్యి ఉందని ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. కాకపోతే ఈ దశను కష్టాల కథగా మార్చి జాలిపడాల్సిన పని లేదు. రైటర్‌కి అక్కడ రాయల్టీ ఉంటుంది. పాట రేడియోలో మోగినా, టీవీ ప్రోమోలో వాడినా రైటర్ వాటా రైటర్‌కి వెళ్తుంది. బీఎంఐ అనేది అలాంటి వసూళ్ళు చూసే సంస్థల్లో ఒకటి. పేరు రాకపోయినా పొయ్యి వెలుగుతుంది. పైగా ఒక హిట్ పాట ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూసే ఛాన్స్ దొరికింది.

ఇబ్బంది వేరే చోట ఉంది. అదే రోజుల్లో అమెరికా పాప్‌లో ఇండియా లుక్ ఫ్యాషన్. ఇగ్గీ అజేలియా 2013లో 'బౌన్స్' వీడియోని ముంబైలో షూట్ చేశారు. 2016లో కోల్డ్‌ప్లే 'హిమ్ ఫర్ ద వీకెండ్' వీడియోలో బియాన్సే భారతీయ అలంకరణలో కనిపించారు, దాని మీద పెద్ద చర్చే నడిచింది. అంటే బొట్టు, గాజులు, చీర పాప్ వీడియోలో పనికొస్తాయి. కానీ అవి ఇంట్లో రోజూ చూస్తూ పెరిగిన అమ్మాయి మైక్ ముందుకు రావడానికి మాత్రం ఇంకా టైమ్ ఉంది!

2016: సొంత గొంతుతో

2016లో ఆ టైమ్ వచ్చింది. సోనీ గ్రూప్‌లోని ఎపిక్ రికార్డ్స్ నుంచి 'ద కమ్ అప్' అనే ఈపీ, అంటే నాలుగైదు పాటల చిన్న ఆల్బమ్ విడుదలైంది. అందులోని 'మ్యూట్', 'బిలీవ్ ఇన్ యూ' పాటలు అప్పటికి కొత్తగా అనిపించాయి. నుదుట బొట్టు, ఒంటి నిండా నగలు, నోట్లో లాస్ ఏంజెలెస్ యాస. ఇది వేషం కాదు, ఆమె పెరిగిన ఇల్లే అలాంటిదని చూసేవాళ్ళకు అర్థమైంది.

అయినా అమెరికాలో ఆ ఈపీ ఆమెను స్టార్‌ని చేయలేదు. రేడియోలో ఏ గడిలో పెట్టాలో తెలియని సంగీతం అది. పాప్ అనడానికి జతులు అడ్డొస్తాయి, 'వరల్డ్ మ్యూజిక్' అనడానికి ర్యాప్ అడ్డొస్తుంది. పెద్ద లేబుల్స్‌కి ఇలాంటి ఆర్టిస్ట్ అంటే ఇష్టం ఉంటుంది, ఓపిక ఉండదు.

తలుపు తెరిచింది అమెరికా కాదు. ముంబై.

గల్లీకి వచ్చిన కాలిఫోర్నియా

2014, 2015 నాటికి ముంబైలో గల్లీ ర్యాప్ ఊపందుకుంది. నేజీ 'ఆఫత్', డివైన్, నేజీ కలిసి చేసిన 'మేరే గల్లీ మే' ఫోన్లలో చేతులు మారాయి. ఖరీదైన కార్లు, పార్టీలు కాకుండా బస్తీ, నల్లా నీళ్ళు, పోలీసు లాఠీ పాటల్లోకి వచ్చాయి. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పార్టీతో మొదలైందని చెప్పుకునే హిప్‌హాప్‌కి ముంబైలో అంధేరీ ఈస్ట్ రూపంలో ఇంకో ఇల్లు దొరికింది.

2017లో డివైన్‌తో కలిసి రాజా కుమారి 'సిటీ స్లమ్స్' చేశారు. ఆమెది ఇంగ్లిష్, అతనిది హిందీ. ఇద్దరి నేపథ్యాలకు పొంతన లేదు. ఒకరు కాలిఫోర్నియాలో డాక్టర్లు, ఇంజినీర్ల ప్రవాస సమాజం మధ్య పెరిగారు, ఇంకొకరు ముంబై బస్తీ నుంచి వచ్చారు. 'స్లమ్' అనే మాట పలకడానికి ఈమెకు ఏం హక్కు ఉందని అడగొచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ పాటలో ఆమె బస్తీ అమ్మాయిగా నటించలేదు. పక్కన నిలబడి తన మాట తాను చెప్పారు, అందుకే అది నడిచింది. 2018లో ఇద్దరూ కలిసి 'రూట్స్' చేశారు.

ఆ తర్వాత రెండేళ్ళు గ్రాఫ్ నిటారుగా పైకి. 2018లో 'జీరో' సినిమాలో 'హుస్న్ పర్చమ్' పాటలో ఆమె గొంతు వినిపించింది. 2019 ఫిబ్రవరిలో 'గల్లీ బాయ్' వచ్చింది, అందులో ర్యాప్ పోటీ జడ్జిల్లో ఒకరిగా కనిపించారు. అదే ఏడాది 'బ్లడ్‌లైన్' ఈపీ, ఆపై 'జడ్జ్‌మెంటల్ హై క్యా' సినిమాలో 'వఖ్రా సాంగ్'. ఆ వెంటనే ఎంటీవీ 'హసల్' మొదటి సీజన్‌లో రఫ్తార్, న్యూక్లియాతో పాటు జడ్జి కుర్చీ. సినిమాలో జడ్జి, టీవీలో కూడా జడ్జి!

జడ్జి కుర్చీ మంచిదేనా?

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే బయటికి పీక్ లాగా కనిపించే ఈ చోటే ఆమె కెరీర్‌లో చిక్కుముడి పడింది.

టీవీ షో జడ్జి అంటే ప్రతి ఇంట్లో ముఖం తెలుస్తుంది. కానీ ఆర్టిస్ట్‌గా ఆమె అప్పటికి ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా తీసుకురాలేదు! చేతిలో ఉన్నవి ఈపీలు, సింగిల్స్, వేరేవాళ్ళ పాటల్లో వచ్చే భాగాలు. జనానికి ఆమె నగలు, బొట్టు, మాటతీరు గుర్తున్నాయి. ఫలానా పాట రాజా కుమారిది అని గుక్కతిప్పుకోకుండా చెప్పమంటే తడుముకోవాల్సిందే. మరోవైపు అదే 'హసల్'లో పోటీదారుగా నిలబడ్డ కింగ్, 2022లో 'మాన్ మేరీ జాన్' పాటతో దేశమంతా మోగిపోయాడు. అతని దగ్గర ఆమెకున్న అమెరికా క్రెడిట్లు లేవు. హిందీలో, సొంత పేరుతో, ఒక పెద్ద పాట ఉంది.

ఇంకో సమస్య భాష. ఆమె రాసేది ఎక్కువగా ఇంగ్లిష్‌లో. ఇండియాలో ఇంగ్లిష్ ర్యాప్‌కి చప్పట్లు దొరుకుతాయి, మాస్ దొరకదు. ఆ లెక్కను 2024లో హనుమాన్‌కైండ్ 'బిగ్ డాగ్స్' కొంత తిరగరాసింది. కేరళ మూలాలు, హ్యూస్టన్‌లో పెంపకం, బెంగళూరు అడ్రస్.. ఇంగ్లిష్ పాటే బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానానికి వెళ్ళింది. అయితే అది రాజా కుమారి ముంబైలో దిగిన ఏడేళ్ళ తర్వాతి సంగతి. ముందొచ్చిన వాళ్ళు దారి వేస్తారు, టోల్ మాత్రం వెనకొచ్చినవాళ్ళు వసూలు చేసుకుంటారు. ఈ ఫీల్డ్‌లో ఇది కొత్తేం కాదు.

2020లో కరోనా వచ్చి స్టేజ్ షోలన్నీ బంద్. ఇండిపెండెంట్ ఆర్టిస్ట్‌కి స్ట్రీమింగ్ డబ్బు కంటే స్టేజ్ డబ్బే ఆధారం కాబట్టి ఆ దెబ్బ అందరికీ తగిలింది. ఒక కాలు లాస్ ఏంజెలెస్‌లో, ఒక కాలు ముంబైలో పెట్టి బతికే ఆర్టిస్ట్‌కి విమానాలు ఆగిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సొంత లేబుల్.. 37 ఏళ్ళకు తొలి ఆల్బమ్

2022లో ఆమె సొంతంగా 'గాడ్‌మదర్ రికార్డ్స్' పెట్టారు. 1995లో అలీషా చినాయ్ పాడిన 'మేడ్ ఇన్ ఇండియా'ని కొత్తగా చేసి, వీడియోలో మాధురీ దీక్షిత్‌ని తీసుకొచ్చారు. 2023 ఏప్రిల్‌లో తొలి పూర్తి ఆల్బమ్ 'ద బ్రిడ్జ్' విడుదలైంది. అప్పటికి ఆమె వయసు 37. ర్యాప్‌లో ఇరవైల్లోనే ఆల్బమ్‌లు దించేసేవాళ్ళ మధ్య ఇది చాలా లేట్.

లేబుల్ పెట్టడం ఎందుకంత పెద్ద విషయం? ప్రతి పాటకూ రెండు హక్కులుంటాయి. ఒకటి రాసినవాళ్ళది, అంటే మాట, బాణీ. రెండోది రికార్డింగ్‌ది, దీన్నే మాస్టర్ అంటారు. స్ట్రీమింగ్‌లో వచ్చే డబ్బులో పెద్ద ముక్క మాస్టర్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకు పోతుంది. పెద్ద లేబుల్‌తో సంతకం చేస్తే మామూలుగా మాస్టర్ లేబుల్‌దే. ముందు ఇచ్చిన అడ్వాన్స్ తిరిగి రాబట్టుకునేదాకా ఆర్టిస్ట్ వాటా చేతికి రాదు. వరి కోయకముందే కమీషన్ కొట్టు దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు లెక్క లాంటిదే ఇది. సొంత లేబుల్‌లో అడ్వాన్స్ ఉండదు, వీడియో ఖర్చు, ప్రమోషన్ ఖర్చు మొత్తం నెత్తిమీదే. కానీ పాట నిలబడితే అది తన ఆస్తి.

వేరేవాళ్ళకు రాసి, లేబుల్‌కి పాడి, టీవీలో కూర్చుని.. చివరికి ఆమె చేరింది ఇక్కడికి. ఆమె కెరీర్ మొత్తంలో అసలైన మలుపు అవార్డు కాదు, ఇదే అనిపిస్తుంది. 'ద బ్రిడ్జ్' బ్లాక్‌బస్టర్ కాలేదు. అయినా తన పేరు, తన పాట, తన కాగితం.. మూడూ ఒకేచోట ఉన్న తొలి పూర్తి ఆల్బమ్ అది.

అదే ఏడాది సినిమా మళ్ళీ పిలిచింది. షారుఖ్ ఖాన్ 'జవాన్' ప్రివ్యూలో వినిపించిన ర్యాప్ గుర్తుందా? అనిరుధ్ మ్యూజిక్‌లో ఆ గొంతు, ఆ మాటలు రాజా కుమారివే. సెప్టెంబర్ 7న సినిమా హిందీతో పాటు తమిళం, తెలుగులోనూ వచ్చింది. మన థియేటర్లలో షారుఖ్ ఎంట్రీకి ఈలలు వేసిన చాలామందికి ఆ ర్యాప్ పాడింది తెలుగు ఇంటి అమ్మాయని అప్పుడు తెలియదు. అంటే 2014లో అమెరికా స్టేడియంలో జరిగిందే 2023లో మన ఊరి థియేటర్‌లోనూ జరిగిందన్నమాట!

ఆ అవార్డు అసలు ఎవరిది?

ఇక అమెరికన్ మ్యూజిక్ అవార్డు సంగతి. 2024 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో 'ఆర్కేన్' యానిమేషన్ సిరీస్ రెండో సీజన్ వచ్చింది. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' వీడియో గేమ్ ఆధారంగా తీసిన సిరీస్ ఇది. దాని సౌండ్‌ట్రాక్‌లో 'రెనెగేడ్ (వి నెవర్ రన్)' పాటను స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కోతో కలిసి రాజా కుమారి చేశారు. 2025 మే 26న 'ఫేవరెట్ సౌండ్‌ట్రాక్' అవార్డు ఈ ఆల్బమ్‌కి వచ్చింది. పోటీలో 'వికెడ్', 'మోనా 2' లాంటివి ఉన్నాయి, కాబట్టి చిన్న గెలుపు కాదు.

కానీ పోస్టర్లలో ఎగిరిపోయిన విషయం ఒకటుంది. అవార్డు మొత్తం ఆల్బమ్‌ది. అందులో ట్వంటీ వన్ పైలట్స్, స్ట్రోమే, యాష్నికో, స్ట్రే కిడ్స్ లాంటి పెద్ద పేర్లు బోలెడున్నాయి. రాజా కుమారి అందులో ఒక పాటలో ఒక భాగం. ఇది చెబితే ఆమె గొప్పతనం తగ్గిపోదు. పైగా ఆమె కథ ఇంకా బాగా అర్థమవుతుంది. 'సెంచరీస్'లో పేరు చిన్న అక్షరాల్లో ఉంది, ఇక్కడ పాట మీదే పేరు ఉంది. పదేళ్ళలో ఆమె జరిగిన దూరం అదీ.

అన్నవరం కొండ కింద ఏ పాట మోగుతుంది?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కాకినాడ జిల్లా అన్నవరం పెళ్ళిళ్ళకు పెట్టింది పేరు. ముహూర్తాలున్న రోజుల్లో రత్నగిరి మీద వ్రతాలు, పెళ్ళిళ్ళు ఒకదాని వెనక ఒకటి. కొండ మీద సన్నాయి, కింద ఊరేగింపుల్లో డీజే. ఆ డీజే బాక్సుల్లో ర్యాప్ మోగదా అంటే మోగుతుంది. సినిమా పాట మధ్యలో వచ్చే అరనిమిషం ముక్కగా. అంతవరకే.

తెలుగు హిప్‌హాప్‌కి ఇదే గోడ. ప్రతిభ లేక కాదు. రోల్ రైడా తెలుగులో, తెలంగాణ యాసలో ఇండిపెండెంట్ పాటలు చేసి పేరు తెచ్చుకున్నాడు. అయినా ఇంటింటికీ తెలిసింది మాత్రం 2018లో 'బిగ్ బాస్ 2'కి వెళ్ళాకే. నోయల్ ర్యాపర్‌గా, నటుడిగా ఎన్నేళ్ళుగానో ఉన్నా చాలామందికి 2020 'బిగ్ బాస్ 4'లో అనారోగ్యంతో మధ్యలో బయటికొచ్చిన కంటెస్టెంట్‌గానే గుర్తు. ర్యాపర్‌ని పాటతో కాకుండా హౌస్‌లో గొడవతో గుర్తుపట్టే మార్కెట్ మనది. తప్పు వాళ్ళది కాదు, దారులే అన్ని ఉన్నాయి.. సినిమా, రియాలిటీ షో.

హిందీలో, పంజాబీలో సినిమాతో సంబంధం లేకుండా బతికే పాటల మార్కెట్ ఉంది. కాబట్టే కాలిఫోర్నియా నుంచి బయల్దేరిన తెలుగమ్మాయి హైదరాబాద్‌లోనో విశాఖలోనో కాకుండా ముంబైలో దిగింది. ఆమెకు పేరు తెచ్చిన పాటల్లో తెలుగు పాట లేదు. 'మనమ్మాయే' అని పోస్ట్ పెట్టేవాళ్ళు ఈ ముక్క దగ్గర కాస్త ఆగితే బాగుంటుంది. మన దగ్గర ఆమెను పాడించిన స్టేజ్ ఏది? ఇది ఆమెను కూడా అడగొచ్చు. ఇంట్లో విన్న భాషను ఇన్నేళ్ళూ ఎందుకు పెద్దగా ముట్టుకోలేదు?

రాసేవాళ్ళ డబ్బు విషయంలోనూ మన దగ్గర పరిస్థితి నెమ్మది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం సినిమా పాట థియేటర్ బయట వాడుకలోకి వచ్చినప్పుడు రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీ వాటా ఉంటుంది, దాన్ని నిర్మాతకు రాసిచ్చేసినా చెల్లదు. చట్టం అయితే ఉంది. ఒకే మొత్తం తీసుకుని సంతకం పెట్టేసే అలవాటు ఉన్నచోట ఊళ్ళో ర్యాప్ రాసే కుర్రాడికి ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు?

ఆమె ఇప్పుడు భక్తి వైపు కూడా అడుగేశారు. 2025లో 'కాశీ టు కైలాశ్' పేరుతో శివుడి మీద ఆల్బమ్ తెచ్చారు. ర్యాప్ ఫ్యాన్స్‌లో కొందరికి ఇది మింగుడుపడకపోవచ్చు. కానీ కూచిపూడితో మొదలైన అమ్మాయికి దేవుడి పాట కొత్త కాదు. వ్యాపారం కోణంలోనూ ఇది తెలివితక్కువ పనేం కాదు. మన దగ్గర సినిమా అవసరం లేకుండా ఏళ్ళ తరబడి అమ్ముడైన సంగీతం భక్తి సంగీతం. గుడి దగ్గర క్యాసెట్ కొట్టు నడిపినవాళ్ళని అడిగితే చెబుతారు.

ఆమె వయసిప్పుడు నలభైకి చేరింది. సొంత లేబుల్ ఉంది, అమెరికాలో రైటర్‌గా వచ్చే వాటా ఉంది, పెద్ద సినిమాల్లో పాడిన రికార్డు ఉంది. లేనిదల్లా ఈ డీజే బాక్సుల్లో మోగే ఒక్క తెలుగు పాట.